ఎదురింటి మనవడి కాన్వొకేషన్

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అమెరికాలో మేమంతా క్షేమం. మీ మామయ్యకి జలుబు తగ్గింది.

మొన్న వీడియో కాల్‌లో బుజ్జి అడిగింది గుర్తుందా? "నల్లజాతి వాళ్ళకి వేరే కాలేజీ ఏంటి అమ్మమ్మా, అది తేడా చూపించడం కాదా?" అని. సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది, నాకే జవాబు కుదరలేదు. ముప్పై ఏళ్ళు సోషల్ పాఠం చెప్పిన దాన్ని, మనవరాలి ప్రశ్నకి తడబడ్డానని చెప్పుకోవడానికి సిగ్గేసింది. అందుకే ఈ ఉత్తరం.

మా ఎదురింటి నల్లజాతి ఆవిడ మనవడు గ్రీన్స్‌బరో అనే ఊళ్ళో ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. నల్లజాతి వాళ్ళకోసం పెట్టిన ఆ యూనివర్సిటీని నార్త్ కరోలినా ఏ అండ్ టీ అంటారు, అంటే వ్యవసాయ, సాంకేతిక విద్యల యూనివర్సిటీ. కాన్వొకేషన్‌కి నన్నూ రమ్మని పిలిచింది. నేను మంగళగిరి చీర కట్టుకుని బయల్దేరాను.

మన దగ్గర ఇలాంటి సభల్లో గట్టిగా దగ్గినా వెనక్కి తిరిగి చూస్తారు కదా. అక్కడ తిరునాళ్ళే! ఒక్కో పేరు పిలవగానే ఒక్కో కుటుంబం మొత్తం లేచి కేకలు, ఈలలు. ఒకాయన బూర కూడా తెచ్చాడు. చప్పట్లు చివర్లో కొట్టండని మైకులో చెబుతూనే ఉన్నారు, వినేవాళ్ళెవరు? మొదట్లో ఇదేం గోల అనుకున్నాను. ఇంతలో ఎదురింటావిడ నా చెవిలో చెప్పింది, తన తల్లి ఆరో తరగతితో బడి మానేసి పత్తి చేలల్లో కూలికి వెళ్ళిందట. మనవడి పేరు వినపడేసరికి ఆవిడ లేచి నిలబడింది గానీ గొంతు పెగల్లేదు. ఆవిడ బదులు నేనే అరిచాను. మీ మామయ్య మాతో ఏం సంబంధం లేనట్టు పక్కకి తిరిగి కూర్చున్నాడు.

తర్వాత బయట పచ్చిక మీద ఆవిడ సంచిలోంచి ఒక కండువా తీసి పిల్లాడి మెడలో వేసింది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ గళ్ళు. దాన్ని కెంటే అంటారు. ఆఫ్రికాలో ఘనా దేశపు నేత. అక్కడ మగ్గం మీద జానెడు కూడా లేని సన్న పట్టీలు నేసి, వాటిని పక్కపక్కన కుట్టి పెద్ద గుడ్డ చేస్తారు. ఒకప్పుడు అక్కడి అసాంటే అనే జాతి రాజులు కట్టుకున్న బట్ట. ఇక్కడ షాపుల్లో అమ్మేవి చాలావరకు మిషన్ మీద అచ్చేసినవే, పట్టుకుంటే తెలిసిపోతుంది. అయినా ఆవిడ చేతులు వణికాయి. ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టిగా పడితే మూడుసార్లు సరిచేసింది.

ఇప్పుడు బుజ్జి ప్రశ్న. 1890లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. వ్యవసాయ కాలేజీలకి మా డబ్బు కావాలంటే నల్లజాతి పిల్లల్ని కూడా చేర్చుకోండి, లేదా వాళ్ళకి వేరే కాలేజీ పెట్టండి అని రాష్ట్రాలకి చెప్పింది. దక్షిణాది రాష్ట్రాలు పక్కన కూర్చోబెట్టుకోవడం ఇష్టంలేక వేరే కాలేజీలే పెట్టాయి. ఏ అండ్ టీ అలా 1891లో పుట్టింది. అంటే తేడా చూపించింది ఎవరో నీకు అర్థమైంది కదా. అలా పక్కకి నెట్టేసిన చోటునే వాళ్ళు ఇంత చేసుకున్నారు. ఈ రోజు దేశంలో నల్లజాతి ఇంజనీర్లు ఎక్కువమంది బయటికొచ్చేది అక్కణ్ణుంచే. ఇప్పుడు ఏ జాతి వాళ్ళైనా చేరొచ్చు.

క్యాంపస్‌లో నలుగురు కుర్రాళ్ళ కంచు విగ్రహాలున్నాయి, పక్కపక్కన నడుస్తున్నట్టు. ఫస్టియర్ పిల్లలు వాళ్ళు. 1960 ఫిబ్రవరి 1న ఊళ్ళోని వూల్‌వర్త్ అనే షాపుకి వెళ్ళారు. టూత్‌పేస్టు లాంటివి కొన్నారు, రసీదు తీసుకున్నారు. అదే షాపులో టిఫిన్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగితే ఇవ్వం అన్నారు. అక్కడ తెల్లవాళ్ళే కూర్చోవాలి. మా డబ్బు ఆ కౌంటర్లో చెల్లినప్పుడు ఈ కౌంటర్లో ఎందుకు చెల్లదు అని అడిగి, షాపు మూసేదాకా కదల్లేదు. మర్నాడు ఇరవై మందికి పైగా వచ్చారు, వారం తిరిగేసరికి వందలమంది. పక్కనే ఉన్న బెన్నెట్ కాలేజీ ఆడపిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. జులై 25న షాపు దిగొచ్చింది. మొదట ఆ కౌంటర్లో భోజనం పెట్టింది ఆ షాపులోనే పనిచేసే నల్లజాతి ఉద్యోగులకి.

ఆ విగ్రహాల ముందు నిలబడితే నాకు మా ఊరి కాకా హోటల్ గుర్తొచ్చింది. 1960లో నాకు ఎనిమిదేళ్ళు. హోటల్ చూరులో నాలుగు గ్లాసులు దోపి ఉండేవి. కొందరు వచ్చి తమ గ్లాసు తామే తీసుకుని, దూరం నుంచి టీ పోయించుకుని, తాగి, కడిగి మళ్ళీ చూరులో పెట్టి వెళ్ళేవాళ్ళు. ఎందుకని మా నాన్నని అడిగితే, "నీకెందుకు, చల్లారిపోతుంది తాగు" అన్నాడు. తాగాను. ఈ సంగతి మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

చిన్నికి రాకెట్లు ఇష్టం కదా, వాడికోసం ఇంకొకటి. సౌత్ కరోలినాలో రొనాల్డ్ మెక్‌నెయిర్ అని ఒక చిన్న పిల్లాడు 1959లో లైబ్రరీకి వెళ్ళి సైన్స్ పుస్తకాలు అడిగాడు. నల్లపిల్లలకి ఇచ్చేది లేదన్నారు. వాడు వెళ్ళనంటే పోలీసుల్ని పిలిచారు. వచ్చిన పోలీసులు, ఇచ్చేస్తే పోలా అన్నారట! వాడే పెద్దయ్యాక ఏ అండ్ టీలో 1971లో ఫిజిక్స్ డిగ్రీ, ఎమ్‌ఐటీ అనే పెద్ద యూనివర్సిటీలో డాక్టరేట్, 1984లో అంతరిక్షం. రెండోసారి వెళ్ళేటప్పుడు, 1986లో, ఛాలెంజర్ అనే అంతరిక్ష నౌక పేలిపోయి చనిపోయాడు. ఎదురింటి కుర్రాడి క్యాంపస్‌లో ఇంజనీరింగ్ బిల్డింగ్‌కి ఆయన పేరే.

ఇంకో సంగతి. ఒకప్పుడు ఇండియా నుంచి ఏడాదికి వందమందికే ఇక్కడ స్థిరపడే కోటా. అది పోయింది 1965లో. అంతకుముందు ఏడాదే పౌరహక్కుల చట్టం వచ్చింది. జాతిని బట్టి మనిషిని లెక్కగట్టడం కుదరదని నల్లజాతి వాళ్ళు వీధుల్లో కొట్లాడిన గాలే రెంటినీ తెచ్చింది. మీ మామయ్య ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాడంటే అందులో వీళ్ళ పాలు ఉంది. అలాంటిది నేను వచ్చిన కొత్తలో, ఎదురింట్లో నల్లవాళ్ళున్నారు జాగ్రత్త అని వాడికే చెప్పాను. ఆవిడ మొదటి వారంలోనే పీచ్ పండ్లతో 'పై' అనే తీపి వంటకం చేసి తెచ్చిచ్చింది.

ఫోటో దిగేటప్పుడు ఆవిడ నా చీర అంచు వేళ్ళతో తడిమి తడిమి చూసింది. చేత్తో నేసిందా అని అడిగింది. అవునన్నాను. మీ అమ్మతో చెప్పి మంగళగిరిలో ఒకటి కొనిపించండి, నీలం రంగు, బంగారు జరీ అంచు. ఆ కాలేజీ రంగులు అవే. వచ్చే నెల శాస్త్రిగారి అబ్బాయి వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపండి. ఫాల్ మాత్రం కుట్టించొద్దు, ఇక్కడ నేనే కుడతాను.

మీ అమ్మమ్మ