డివిడెండ్ లెక్కలోకి వచ్చాకే ఖర్చు కనబడింది: ఇండెక్స్ ఫండ్ల గొడవ వెనక కథ

నిఫ్టీ లాంటి సూచీలో ఉన్న షేర్లనే కొని దాన్ని అనుసరించే ఇండెక్స్ ఫండ్ల ఖర్చు మీద మళ్లీ రగడ మొదలైంది. 2025 డిసెంబరు 17న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బోర్డు మ్యూచువల్ ఫండ్ నిబంధనలను తిరగరాసింది. ఇన్నాళ్లూ ‘టోటల్ ఎక్స్‌పెన్స్ రేషియో’కు (మదుపరి సొమ్ములోంచి ఏటా ఖర్చు కింద పోయే మొత్తం శాతానికి) ఉన్న పరిమితిని ఇకపై ‘బేస్ ఎక్స్‌పెన్స్ రేషియో’కు పెడతారు. ఇండెక్స్ ఫండ్లకు, ఈటీఎఫ్‌లకు (షేర్లలా ఎక్స్ఛేంజీలో కొని అమ్మే ఫండ్లకు) అది 1 శాతం నుంచి 0.9 శాతానికి దిగింది. జీఎస్టీ, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను), స్టాంపు డ్యూటీ లాంటి పన్నులన్నీ ఈ పరిమితికి బయట, విడిగా వసూలవుతాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు.

ఖర్చు తగ్గింది కదా అంటున్నారు కొందరు. పన్నులు తీసి పక్కన పెడితే ఏ బిల్లయినా తగ్గినట్టే ఉంటుంది కదా అంటున్నారు ఇంకొందరు. పైకి పది పైసల తగాదాలా కనబడుతున్నా, అసలు పేచీ ఏది లెక్కలోకి రావాలి, ఏది రాకూడదు అన్నదాని మీదే. ఇలాంటి పేచీ మనకు కొత్త కాదు. ఎనిమిదేళ్ల కిందట ఒకటి జరిగింది. అప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ.

ఇండెక్స్ ఫండ్ అంటే ఏమిటో, 1976లో అమెరికాలో ఈ కథ ఎలా మొదలైందో మళ్లీ చెప్పుకోనక్కర్లేదు. మన దగ్గర కూడా 2000 నాటికే ఇండెక్స్ ఫండ్లున్నాయి. 2001 డిసెంబరులో నిఫ్టీ బీస్ పేరుతో తొలి ఈటీఎఫ్ వచ్చింది. ఆ తర్వాత పదిహేనేళ్లు వాటి మొహం చూసినవాడు లేడు. మన మార్కెట్లో షేర్లు తానే ఎంచుకునే మంచి ఫండ్ మేనేజర్ సూచీని అలవోకగా దాటేస్తాడనేవాళ్లు, ఫండ్ల రాబడి చూపే ఫ్యాక్ట్‌షీట్లు కూడా అదే చూపించేవి. అవి అబద్ధం చెప్పలేదు. కాకపోతే కొలిచే బద్దే పొట్టిది.

అదెలాగో చూద్దాం. టీవీ కింద పరిగెత్తే నిఫ్టీ అంకె ఉత్త ధరల సూచీ. అందులోని యాభై కంపెనీలూ ఏడాది పొడవునా తమ లాభంలోంచి వాటాదార్లకు ఇచ్చే డివిడెండ్ దానిలో కలవదు. ఫండ్ చేతికి మాత్రం ఆ డివిడెండ్ అందుతుంది, ఎన్ఏవీలో, అంటే ఫండ్ యూనిట్ విలువలో, కలిసిపోతుంది. ఉదాహరణకు సూచీ ఏడాదిలో 10,000 నుంచి 11,000కు వెళ్లిందనుకోండి. పెరుగుదల 10 శాతం. ఆ షేర్లు ఇచ్చిన డివిడెండ్ ఇంకో 1.3 శాతం అనుకుందాం. ఆ యాభై షేర్లనే కొని ఊరికే కూర్చున్నవాడికి 11.3 శాతం రావాలి. 10.8 శాతం తెచ్చిన మేనేజర్ నిజానికి అర శాతం ఓడిపోయాడు. ఫ్యాక్ట్‌షీట్‌లో మాత్రం సూచీని 0.8 శాతం మించినట్టు గర్వంగా కనబడేవాడు.

ఇదొక ఎత్తు. ఇండెక్స్ ఫండ్ల దగ్గర జరిగింది ఇంకో ఎత్తు, నా దృష్టిలో ఇదే ముఖ్యం. అదే ఏడాదిలో 1 శాతం ఖర్చు పట్టుకున్న ఇండెక్స్ ఫండ్ 10.3 శాతం ఇస్తుంది. సూచీని అనుసరించడమే పనిగా ఉన్న ఫండ్ సూచీ కంటే పైన తేలింది! ఇక ఖర్చు ఎక్కువైందని అడిగేదెవరు? ఫండ్ సంస్థ తీసుకున్న ప్రతి రూపాయినీ డివిడెండ్ రూపాయి కప్పేసింది. అప్పట్లో ఇండెక్స్ ఫండ్లకు చట్టం ఒప్పుకున్న పరిమితి 1.5 శాతం. అంత వసూలు చేసినా ఫ్యాక్ట్‌షీట్ పెద్దగా నొచ్చుకునేది కాదు.

ఈ తేడా ఏళ్ల తరబడి పేరుకుంటే ఎంతవుతుందో సూచీలే చెబుతాయి. 1995 నవంబరు 3న 1000 దగ్గర మొదలైన నిఫ్టీ 25,000 దాటేసరికి, డివిడెండ్లు కలిపి లెక్కగట్టే టోటల్ రిటర్న్ సూచీ 35,000 దాటేసింది. షేర్లు అవే యాభై.

2018 జనవరి 4న సెబీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఫిబ్రవరి 1 నుంచి ప్రతి స్కీమూ తన రాబడిని టోటల్ రిటర్న్ సూచీతోనే, అంటే టీఆర్ఐతోనే పోల్చి చూపాలి. అంతే సంగతి. కొత్త పన్ను వేయలేదు, ఫీజు తగ్గించమని చెప్పలేదు. అప్పటికే ఒకటి రెండు ఫండ్ సంస్థలు తమంతట తాము ఈ పద్ధతికి మారాయి కూడా. మిగతావాళ్ల వాదన ఒకటే: మదుపరికి తెలిసిన నిఫ్టీ టీవీలో కనబడేదే, కొత్త సూచీ పెడితే గందరగోళం. పదేళ్లకు పైగా తమకు కలిసొచ్చిన గందరగోళం గురించి మాత్రం వాళ్లు పెద్దగా మాట్లాడలేదు.

కొలబద్ద మారాక రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, పెద్ద కంపెనీల్లో పెట్టే ఫండ్లలో చాలావాటి ఆధిక్యం కరిగిపోయింది. అంతకు కొద్ది నెలల ముందు, 2017 అక్టోబరులో, లార్జ్‌క్యాప్ ఫండ్ అని పేరు పెట్టుకుంటే 80 శాతం డబ్బు మొదటి వంద కంపెనీల్లోనే పెట్టాలని సెబీ తేల్చింది. చిన్న షేర్లతో రాబడి పెంచుకునే దొడ్డిదారి కూడా దాంతో చాలావరకు మూసుకుపోయింది. రెండోది, ఇండెక్స్ ఫండ్ ఇప్పుడు ఎప్పుడూ సూచీ కింద ఉంటుంది, ఎంత కింద అంటే దాదాపు దాని ఖర్చంత. దాక్కోవడానికి డివిడెండ్ దుప్పటి లేదు. ఒకే నిఫ్టీని అనుసరించే రెండు ఫండ్లలో ఒకటి 0.2 కింద, ఇంకోటి 1 శాతం కింద ఉంటే ఏది కొనాలో చెప్పడానికి సలహాదారు అక్కర్లేదు. ధరల పోటీ అసలు మొదలైంది అక్కడే.

ఆ తేడా ఎంతన్నది మనమే లెక్క కట్టుకోవచ్చు. పది లక్షలు ఇరవై ఏళ్లు ఉంచారు. ఖర్చుకు ముందు ఏటా 11 శాతం వచ్చిందనుకుందాం. 0.2 శాతం పోతే చివరికి సుమారు 77.8 లక్షలు. 1 శాతం పోతే 67.3 లక్షలు. తేడా పదిన్నర లక్షలు, అంటే పెట్టిన అసలు కంటే ఎక్కువ.

మార్పు అంతకుముందే మొదలైందనేవాళ్లున్నారు. 2009 ఆగస్టు 1న ఎంట్రీ లోడ్ పోయింది, అంతవరకు డబ్బు పెట్టగానే 2.25 శాతం దాకా కోత పడేది. 2013 జనవరి 1 నుంచి ప్రతి స్కీమ్‌కూ డిస్ట్రిబ్యూటర్ కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ వచ్చింది. కాదనను. అయితే ఆ రెండూ దారి తెరిచాయంతే. డైరెక్ట్ ప్లాన్ వచ్చిన ఐదేళ్ల తర్వాత కూడా జనం ఇండెక్స్ ఫండ్ల వైపు పరిగెత్తలేదు. పొట్టి కొలబద్ద పక్కన నిలబడితే పొట్టివాడూ పొడుగ్గానే కనబడతాడు మరి.

ఫండ్లు అమ్మిపెట్టే డిస్ట్రిబ్యూటర్ల మాటా వినాలి. 2020 మార్చిలో మార్కెట్ కుప్పకూలినప్పుడు ‘అమ్మకండి, ఆగండి’ అని ఫోన్ చేసి చెప్పింది మేమే, ఆ ఒక్క ఫోన్ ఖరీదు ఏ రేషియోలోనూ కనబడదు అంటారు వాళ్లు. నిజమే కావచ్చు. ఆ ఫోన్ ఖరీదు ఏటా ఎన్ని రూపాయలో మదుపరికి అంకెల్లో చెప్పినవాళ్లు తక్కువ.

ఇక 2015 ఆగస్టులో ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ ఈపీఎఫ్ఓ ఈటీఎఫ్‌ల ద్వారా షేర్లలోకి రావడం, తనకు కొత్తగా వచ్చే డబ్బులో షేర్ల వాటాను 5 శాతం నుంచి 10కి, తర్వాత 15కి పెంచడం వేరే కథ. ఆ డబ్బు ఈటీఎఫ్‌లను పెద్దవి చేసింది. మామూలు మదుపరి ఆలోచనను అంతగా మార్చలేదు.

2018 సెప్టెంబరులో సెబీ ఇండెక్స్ ఫండ్ల పరిమితిని 1.5 నుంచి 1 శాతానికి దించింది, 2019 ఏప్రిల్ నుంచి అమలు. అప్పటికే పెద్ద సూచీల డైరెక్ట్ ప్లాన్లు దానికి చాలా కిందే ఉన్నాయి. ఇప్పటి 0.9 కూడా అంతే. నిఫ్టీ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో 0.2 కడుతున్నవాడికి ఈ పైకప్పు తలకు తగిలేంత కిందికి లేదు. అది తగిలేది కమీషన్ కలిసిన రెగ్యులర్ ప్లాన్లకు, కొత్తకొత్త థీమ్ సూచీల ఫండ్లకు. గొడవ ఎక్కువ చేస్తున్నది కూడా ఆ వైపు వాళ్లే కావడం గమనించాలి.

అసలు ఖర్చంతా ఎక్స్‌పెన్స్ రేషియోలోనే ఉంటుందా? ఉండదు. 2020 మార్చిలో యెస్ బ్యాంకు పునర్నిర్మాణ పథకం వచ్చింది. వందకు మించి షేర్లున్న పాత వాటాదార్లకు 75 శాతం షేర్లు మూడేళ్లు అమ్మకుండా లాక్ చేశారు. అదే నెల 19న ఆ షేరు నిఫ్టీ నుంచి బయటికెళ్లింది. సూచీలో లేదు, కానీ ఇండెక్స్ ఫండ్ చేతిలో ఉంది, అమ్ముదామంటే వీల్లేదు. 2023లో రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పుడు నిఫ్టీలో కొన్నాళ్లు యాభై ఒక్క షేర్లున్నాయి. ఆగస్టు 21న అది లిస్టయ్యాక వరసగా లోయర్ సర్క్యూట్లు (ఒక రోజులో పడగలిగిన గరిష్ఠ పరిమితి దాకా పతనాలు) పడ్డాయి, తర్వాత ఫండ్లు దాన్ని వదిలించుకోవాల్సి వచ్చింది. ఇవి కాక ఏటా రెండుసార్లు సూచీలో షేర్లు మారినప్పుడల్లా కొనుగోలు, అమ్మకం, బ్రోకరేజి, ఎస్‌టీటీ. వచ్చిపోయే మదుపర్ల కోసం కొంత నగదు చేతిలో ఉంచుకోవడం వల్ల పడే కోత వేరు. ఇవన్నీ రాబడిలోంచే పోతాయి.

అందుకే 2022 మేలో సెబీ ఇంకో మెట్టు ఎక్కింది. ట్రాకింగ్ ఎర్రర్, అంటే సూచీకీ ఫండ్‌కూ మధ్య తేడా రోజురోజుకీ ఎంత ఊగుతుందన్న కొలత, 2 శాతం దాటకూడదంది. దాంతోపాటు ట్రాకింగ్ డిఫరెన్స్, అంటే సూచీ రాబడికీ ఫండ్ రాబడికీ మధ్య నికరంగా మిగిలిన తేడా, నెలనెలా ప్రకటించాలంది. ఒక ఏడాదికి, మూడు, ఐదు, పదేళ్లకు. టీఆర్ఐ లేకపోతే ఈ పట్టికకు అర్థమే ఉండేది కాదు.

ఇప్పటి బేస్ ఎక్స్‌పెన్స్ రేషియోకు సెబీ ఇస్తున్న సంజాయిషీ కొట్టిపారేసేది కాదు. పన్ను ప్రభుత్వానికి పోయేది, ఫీజు ఫండ్ సంస్థ తీసుకునేది. రెంటినీ విడదీసి చూపితే ఎవరు ఎంత తీసుకుంటున్నారో తెలుస్తుంది, రేపు పన్ను తగ్గితే ఆ లాభం నేరుగా మదుపరికే చేరుతుంది. మేనేజ్‌మెంట్ ఫీజు మీద జీఎస్టీ ఎలాగూ ఇదివరకు కూడా పరిమితికి బయటే ఉండేది. చిక్కల్లా ప్రచారంలో వస్తుంది. రెండు అంకెలు చేతిలో ఉన్నప్పుడు అమ్మేవాడు పోస్టరు మీద పెద్ద అక్షరాలతో ఏది వేస్తాడో ఊహించడానికి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. 2018కి ముందు కూడా రెండు సూచీలుండేవి, ఫ్యాక్ట్‌షీట్‌లోకి ఎక్కింది చిన్నదే.

ఈలోగా ట్రాకింగ్ డిఫరెన్స్ పట్టిక ఫండ్ సంస్థల వెబ్‌సైట్లలో నెలనెలా వస్తూనే ఉంది. అందులో పన్ను, ఫీజు, కమీషన్, లాకైపోయిన షేరు అన్నీ ఒకే అంకెలో తేలతాయి.