సూపర్‌విజన్ ఆర్డర్ల సమీక్ష: అపోహలు - వాస్తవాలు

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో తీవ్రమైన లైంగిక, హింసాత్మక నేరాలకు జైలుశిక్ష పూర్తి చేసుకున్నవాళ్లలో కొందరిని కోర్టు ఆ తర్వాత కూడా సూపర్‌విజన్ ఆర్డర్ కింద, అంటే బయటే ఉన్నా షరతులతో కూడిన నిఘా కింద ఉంచుతుంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2018 నాటి చట్టం. అలాంటివాళ్ల తరఫున వాదించే లాయర్‌ని నేను. సమీక్ష తేదీ దగ్గరపడేకొద్దీ ఇంట్లోవాళ్లకు టెన్షన్. వాళ్ల నోట ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: మారానని ఆర్డర్ కింద ఉన్న మనిషే నిరూపించుకోవాలి.
నా క్లయింట్లు కూడా ఇలాగే అనుకుంటారు. నిజానికి భరించరాని ముప్పు ఇంకా ఉందని కోర్టు నమ్మితే తప్ప ఆర్డర్ నిలవదు, రద్దు చేయాల్సిందే. నమ్మించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. అయితే మళ్లీ నేరం చేసే అవకాశం సగానికి మించి ఉండాలన్న నియమం లేదు. అంతకన్నా తక్కువున్నా ముప్పు భరించరానిదేనని కోర్టు తేల్చవచ్చు. అందుకే చేతులు కట్టుకుని కూర్చోవద్దని మొదటి రోజే చెబుతాను.

అపోహ: సైకాలజిస్టు స్కోరు ఎంతో, తీర్పు అంతే.
లైంగిక నేరాల కేసుల్లో స్టాటిక్-99ఆర్ అనే, మళ్లీ నేరం చేసే ముప్పును అంచనా వేసే స్కోరు పద్ధతి తరచూ కనిపిస్తుంది. అందులో 10 అంశాలు: పాత శిక్షలు, విడుదలయ్యేనాటి వయసు, బాధితులు అపరిచితులా కాదా, ఇలాంటివి. అన్నీ దాదాపు గతానికి సంబంధించినవే. మూడేళ్లు చికిత్సకు వెళ్లినా, తాగుడు మానేసినా ఆ స్కోరు కదలదు. పైగా అది చెప్పేది అదే స్కోరు వచ్చిన గుంపు గురించి, ఎదురుగా కూర్చున్న మనిషి గురించి కాదు. అందుకే పర్యవేక్షణ సిబ్బంది రాసుకున్న నోట్లు ఒక్కొక్కటీ చదువుతాను. ఒక కేసులో మాకు బాగా పనికొచ్చింది రెండు లైన్ల నోటు: పాత స్నేహితుడు తాగుదాం రమ్మంటే వెళ్లకుండా, ఆ రాత్రే నా క్లయింట్ తనంతట తానే సిబ్బందికి ఫోన్ చేసి చెప్పాడని.

అపోహ: ఆర్డర్ ఒకసారి పడితే 15 ఏళ్లూ అంతే.
15 ఏళ్లు గరిష్ఠ పరిమితి. కనీసం మూడేళ్లకోసారి కోర్టు సమీక్షించాలి. గడువు తీరాక కొత్తగా పొడిగించమని ప్రభుత్వం అడగవచ్చు కూడా.

అపోహ: ఆర్డర్ ఉంచుతారు, లేదా తీసేస్తారు, అంతే.
ఎక్కువ వాదన నడిచేది షరతుల మీద. స్వేచ్ఛకు వీలైనంత తక్కువ అడ్డంకి ఉండేలా షరతులు పెట్టాలని చట్టమే చెబుతుంది. కాలికి జీపీఎస్ పరికరం ఉన్నవాడు దాన్ని ఛార్జ్ చేసుకోవడానికి రోజూ గోడ ప్లగ్గు పక్కన కూర్చోవాలి. ఉద్యోగం దొరికితే అదొక పెద్ద చిక్కు. అలాంటి ఒక్క షరతు సడలినా జీవితం మారుతుంది. షరతుల గురించి బాధితులు కూడా తమ మాట కోర్టుకు రాసి ఇవ్వవచ్చు, వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసుకునే లాయర్‌ని నేను కాను.

అపోహ: ఇది అదే నేరానికి రెండో శిక్ష.
క్వీన్స్‌లాండ్ అనే మరో రాష్ట్రంలోని ఇలాంటి చట్టాన్నే 2004లో, ఫార్డన్ అనే వ్యక్తి వేసిన కేసులో హైకోర్టు (ఆస్ట్రేలియాలో ఇదే అత్యున్నత న్యాయస్థానం) సమర్థించింది. ఉద్దేశం శిక్ష కాదు, సమాజ రక్షణ అంది. అదే వ్యక్తి విషయంలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2010లో అందుకు భిన్నంగా చెప్పింది. ఇక్కడి కోర్టులు నడిచేది మాత్రం హైకోర్టు మాట మీదే. శిక్షాకాలం మొత్తం జైల్లో గడిపి వచ్చిన మనిషికి ఆ తేడా వివరించడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.