బకెట్లో సుడిగాలి

ఒక పాఠకుడు అడిగారు: “నాకు చిన్న వడ్రంగం షెడ్డు ఉంది. రంపపు పొట్టు లాగే వాక్యూమ్ క్లీనర్ ఫిల్టర్ ఊరికే పూడుకుపోతోంది. మధ్యలో సొంతంగా చేసిన బకెట్ సైక్లోన్ పెడదామనుకుంటున్నాను. దాని శంకువు ఎంత పొడుగుండాలి?”

సైక్లోన్ అంటే గాలిని సుడి తిప్పి పొట్టును వేరుచేసే డబ్బా. దాని శంకువు సంగతి చివర్లో. ముందు ఆ బకెట్లో జరిగే పందెం చూడాలి.

తయారీ తేలికే. గుండ్రటి డబ్బాలోకి పక్క నుంచి, గోడను రాసుకుంటూ ఒక గొట్టం. మూత నడుమ నుంచి వాక్యూమ్‌కి ఇంకో గొట్టం. దీని కింది అంచు మొదటి గొట్టం నోటికన్నా లోతుకు దిగాలి, లేకపోతే వచ్చిన గాలి వచ్చినట్టే అడ్డదారిన పైకి పోతుంది. అడుగున శంకువు, దాని కింద పొట్టు తొట్టి. కదిలే భాగం ఒక్కటీ లేదు. 1885లో జాన్ ఫించ్‌కి అమెరికాలో పేటెంట్ వచ్చిన నాటి సూత్రమే ఇదీ.

గాలి గోడ వెంట మలుపు తిరుగుతుంది. బరువైన రేణువు అంత త్వరగా తిరగలేక తిన్నగా పోయి గోడకు తగులుతుంది. దీన్ని అపకేంద్ర బలం అని రాస్తే మా మాస్టారు మార్కులు కోసేవారు, “లేని బలాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చావురా?” అని. బయట నిలబడి చూసేవాడికి అది లేదు, నిజమే. గాలితో పాటు తిరుగుతూ చూస్తే లెక్క ఎంత సులువో మాత్రం ఆయన చెప్పలేదు.

30 సెంటీమీటర్ల వ్యాసమున్న డబ్బా, సెకనుకు 15 మీటర్ల గాలి అనుకుందాం. రేణువును గోడవైపు లాగే లాగుడు ఎంతో తెలియాలంటే వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించాలి: 225 బై 0.15, అంటే 1500. భూమి గురుత్వం 9.8 కాబట్టి ఇది దానికి సుమారు 150 రెట్లు. నిశ్చలమైన గాలిలో 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరో వంతు) చెక్క రేణువు సెకనుకు రెండు మిల్లీమీటర్లు దిగుతుంది. 150 రెట్లు చేస్తే 30 సెంటీమీటర్లు. గోడ 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సెకనులో మూడో వంతు చాలు. మరి గాలి లోపల ఎంతసేపు ఉంటుంది? 5 సెంటీమీటర్ల గొట్టంలోంచి ఆ వేగంతో సెకనుకు 30 లీటర్లు వస్తుంది, డబ్బా కూడా 30 లీటర్లదైతే ఒక సెకను. రేణువు గెలిచింది!

ఇప్పుడు 1 మైక్రాన్ రేణువును దింపండి. దిగే వేగం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నూరో వంతుకు పడిపోతుంది. గోడ చేరడానికి 30 సెకన్లకు పైనే కావాలి, ఉన్నది ఒక్కటి. అది గాలితోనే వెళ్లిపోతుంది. లోపలి అల్లకల్లోలం వల్ల ఈ గెలుపోటముల గీత కాస్త చెరుగుతుంది గానీ తారుమారు కాదు. గాలి వేగం రెట్టింపు చేస్తే లాగుడు నాలుగింతలవుతుంది, కానీ ఉండే సమయం సగమవుతుంది. మిగిలే లాభం రెండింతలే. దానికి మోటారు మీద పడే భారం ఎనిమిదింతలు. అదే వేగంతో డబ్బా కొలతలన్నీ నాలుగో వంతుకు కుదిస్తే, పట్టుబడే రేణువు సైజు సగానికి దిగుతుంది. కొన్ని వాక్యూమ్ క్లీనర్లలో పెద్ద శంకువుకు బదులు బుల్లి శంకువుల గుత్తి కనిపించేది అందుకే.

కాబట్టి సైక్లోన్ కాపాడేది ఫిల్టర్‌ని. కంటికి కనబడే పొట్టంతా తొట్టిలో పడుతుంది, ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నటి పొడిలో చాలా భాగం తప్పించుకుంటుంది. చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. “తొట్టి నిండింది, గాలి శుభ్రం” అనుకుని మాస్కు తీసేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సుడిగాలి నడుమ దయ్యం ఉంటుందని చిన్నప్పుడు భయపెట్టేవారు. నడుమ ఉండేది తక్కువ పీడనం. బకెట్లో అదే శంకువు కొన దాకా దిగి ఉంటుంది. తొట్టి మూతకు వెంట్రుకంత సందున్నా బయటి గాలి అందులోంచి దూరి, పడిన పొట్టును మళ్లీ పైకి లేపుతుంది. ఆ దయ్యానికి రబ్బరు పట్టీయే మందు.

ఇక శంకువు. పొట్టు కిందికి దిగేది ప్రధానంగా బరువు వల్ల కాదు, గోడ వెంట దిగే గాలిపొర దాన్ని మోసుకుపోతుంది. సైక్లోన్‌ను పక్కకు పడుకోబెట్టినా పనిచేయడానికి కారణం అదే. 1951లో స్టెయిర్‌మండ్ అనే ఇంజనీరు సైక్లోన్‌లకు ఇచ్చిన కొలతల్లో శంకువు ఎత్తు డబ్బా వ్యాసానికి 2.5 రెట్లు. మీ బకెట్ 30 సెంటీమీటర్లదైతే, 75.

ఇంకొకటి. గొట్టానికి చెక్కముక్క అడ్డుపడిందంటే వాక్యూమ్ డబ్బానే పీలుస్తుంది. 20 కిలోపాస్కళ్ల (వాతావరణ పీడనంలో సుమారు ఐదో వంతు) పీడన తేడా ఉంటే ఆ మూత మీద పడేది సుమారు 140 కిలోల బరువు. నా మొదటి బకెట్ నలిపిన కాగితంలా ముడుచుకుపోయింది. రెండోదానికి లోపల ప్లైవుడ్ రింగు బిగించాను.