మొదటి మందు పనిచేయకపోతే

తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషి నెలన్నర మాత్రలు మింగి, తేడా కనిపించక, ‘నాకిక తగ్గదులే’ అని మానేస్తుంటాడు. అతను ఆగింది మొదటి మెట్టు దగ్గరే. పైన ఇంకా మెట్లున్నాయని ఆ సమయంలో ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

ఆ మెట్లను ఎవరూ వరుసగా కట్టలేదు. ఇప్పుడు చివర్లో గుర్తొచ్చే కరెంట్ చికిత్సే (ఈసీటీ) ముందు వచ్చింది. 1938లో రోమ్‌లో ఉగో చెర్లెట్టి, లూచియో బీనీ దాన్ని మొదలుపెట్టారు. తొలి రోజుల్లో మత్తు ఇచ్చేవారు కాదు. ఒళ్లంతా బిగుసుకుపోయి ఒక్కోసారి ఎముకలు విరిగేవి. ‘షాక్’ అనగానే ఇప్పటికీ జనం హడలిపోవడానికి ఆనాటి జ్ఞాపకమే కారణం.

మందులైతే అనుకోకుండా దొరికాయి. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో టీబీ రోగులకు ఇప్రోనియాజిడ్ ఇచ్చి చూశారు. నీరసంగా మంచం పట్టినవాళ్లకు ఆకలి పుట్టింది, హుషారొచ్చింది, కొందరు వార్డులోనే డాన్సు చేశారు. ఇంచుమించు అదే కాలంలో స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ స్కిజోఫ్రేనియా కోసమని ఇమిప్రమీన్ అనే మందు వాడి చూశాడు. ఆ జబ్బుకు అది పనిచేయలేదు కానీ డిప్రెషన్ రోగులు తేరుకున్నారు. ఆ సంగతి 1957లో ప్రకటించాడు. 1960ల్లో ఆరన్ బెక్ ఆలోచనల తీరును సరిచేసే థెరపీకి రూపమిచ్చాడు. 1987 చివర్లో అమెరికాలో డిప్రెషన్ మందు ఫ్లూయాక్సెటీన్‌కు అనుమతి వచ్చింది.

ఇన్ని ఉన్నా, ఒకటి పనిచేయకపోతే తర్వాత ఏం చేయాలి? ఈ ప్రశ్నతోనే అమెరికాలో దాదాపు 4 వేల మందిపై స్టార్-డీ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 2006లో ఫలితాలొచ్చాయి. మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది సుమారు మూడో వంతు మందే. మందు మార్చినా, ఇంకొకటి కలిపినా మరికొందరు కోలుకున్నారు. మూడు, నాలుగు ప్రయత్నాలకు వచ్చేసరికి ఆ సంఖ్య బాగా పడిపోయింది. అందుకే సరైన మోతాదులో, సరిపడా వారాలు వాడిన రెండు మందులూ విఫలమైతే, అదే దారిలో ఏళ్ల తరబడి నెట్టుకురావడం రోగికి అన్యాయం. మాత్రలకు లిథియం అనే మందు జోడించవచ్చు. అయస్కాంత తరంగాలతో చేసే టీఎంఎస్‌కు 2008లో, ముక్కులో కొట్టే ఎస్కెటమిన్ స్ప్రేకు 2019లో అమెరికాలో అనుమతి దొరికింది. స్ప్రే ఇచ్చాక కనీసం 2 గంటలు ఆసుపత్రిలోనే కూర్చోబెట్టి బీపీ చూస్తారు.

చికిత్స జరిగే చోటుకూ మెట్లున్నాయి: ఓపీ, పగలంతా ఉండి రాత్రికి ఇంటికెళ్లే డే హాస్పిటల్, అడ్మిషన్. అయితే ఒక్కో మెట్టూ ఎక్కేదాకా ఆగే వీల్లేని పరిస్థితులుంటాయి. తిండీ నీళ్లూ మానేసినవాళ్లను, ప్రాణం తీసుకోవాలని చూస్తున్నవాళ్లను వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. వాళ్లలో కొందరికి ముందే ఈసీటీ ఇస్తారు. ఇప్పుడది మత్తులోనే జరుగుతుంది. కండరాలు సడలే మందు ఇచ్చి, ఆక్సిజన్ పెడతారు. కరెంట్‌తో తెప్పించే మూర్ఛ (ఫిట్స్) సాధారణంగా నిమిషం లోపే ముగుస్తుంది, బయటికి కనిపించేది కాస్త కదలికే. కొంత జ్ఞాపకశక్తి దెబ్బతినవచ్చు. ఆ మాట ఇంటివాళ్లకు ముందే చెప్పాలి.