డ్యూటీ ఎక్కే టైముంది, దిగే టైము లేదు

నిమజ్జనం మర్నాడు పొద్దున్నే ట్యాంక్‌బండ్ మీద నడిచినవాళ్లు చూసే ఉంటారు. క్రేన్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. వాడిన పూలదండలు, గులాలు, నలిగిన ప్లాస్టిక్ గ్లాసుల మధ్య డివైడర్‌కు ఆనుకుని పోలీసులు కూర్చున్నచోటే నిద్రపోతుంటారు. బూట్ల లేసులు వదులు చేసుకుని, టోపీ ఒళ్లో పెట్టుకుని, లాఠీ మోకాళ్ల మధ్య ఇరికించుకుని. అంతకుముందు రోజు తెల్లవారకుండానే బందోబస్తు పాయింటుకు వచ్చినవాళ్లు వాళ్లు.

మా బాబాయి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ఒక ఏడాది నిమజ్జనానికి పొద్దున 6 గంటలకు పాయింటెక్కి, మర్నాడు మధ్యాహ్నం 12 దాటాక దిగాడు. అదే రాత్రి 8 గంటలకు నైట్ డ్యూటీ రోల్‌కాల్. మా పిన్ని ఎంత లేపినా లేవలేకపోయాడు. గంటన్నర ఆలస్యంగా వెళ్లాడు. రెండు రోజులకు మెమో చేతికిచ్చారు: విధి నిర్వహణలో నిర్లక్ష్యం, సంజాయిషీ ఇవ్వవలెను. ఆ కాగితం ఇప్పటికీ మా పిన్ని ట్రంకుపెట్టెలో ఉంది. గంటన్నర ఆలస్యాన్ని నిమిషాలతో సహా రాశారు. దానికి ముందు నిలబడిన 30 గంటల ఊసు ఒక్క ముక్క లేదు.

పోలీసు ఉద్యోగంలో పనిగంటల నిబంధన ఉల్లంఘిస్తే క్రమశిక్షణ చర్య ఎవరి మీద అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకా మెమో గుర్తొస్తుంది. బయటి దేశాల్లో పనిగంటల ఉల్లంఘన అన్న మాటకు అర్థం వేరు. అమెరికాలో పోలీసుకు ఓవర్‌టైమ్ అంటే గంటకింత అని లెక్క కట్టి ఇచ్చే డబ్బు. అందుకే అక్కడ కేసులు కూడా ఆ డబ్బు చుట్టూనే నడుస్తాయి. 2020 సెప్టెంబరులో బోస్టన్ నగరంలో, చేయని గంటలకు ఓవర్‌టైమ్ రాసుకున్నారని 9 మంది పోలీసుల మీద కేసు పెట్టారు. చేయని గంటలకు డబ్బు తీసుకోవడం అక్కడ నేరం. మన దగ్గర చేసిన గంటలకు లెక్కే లేదు. ఓవర్‌టైమ్ నిబంధన అంటూ ఒకటుంటేనే కదా, దాన్ని ఎవరు మీరారో తేలేది. హైదరాబాద్ పోలీసుకు ఆ నిబంధన ఎందుకు లేకుండా పోయిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లు తెచ్చిన 1861 పోలీసు చట్టంలో 22వ సెక్షన్ ఉంది. పోలీసు అధికారిని ఎల్లవేళలా విధి నిర్వహణలో ఉన్నట్టే పరిగణించాలని, ఎప్పుడైనా ఎక్కడికైనా పంపవచ్చని దాని సారం. నా ఉద్దేశంలో ఆ వాక్యం అధికారానికి సంబంధించింది. కళ్లముందు దొంగతనం జరుగుతుంటే ‘నా డ్యూటీ అయిపోయింది’ అని పోలీసు పక్కకు తప్పుకోకూడదు, అంతే. కానీ కాలక్రమంలో దాన్ని పనిగంటల సూత్రంగా చదివారు. ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే గనుక, ఎంతసేపు నిలబెట్టినా అది అదనపు పని కాదు.

నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు కాబట్టి ఆ చట్టం నేరుగా ఇక్కడికి రాలేదు. ఇక్కడ నగరానికి కొత్వాల్, అంటే పోలీసు అధిపతి, ఉండేవాడు. రాజా బహదూర్ వెంకటరామారెడ్డి 1920 నుంచి 14 ఏళ్లు ఆ పదవిలో ఉన్నారు. జిల్లాలకు 1329 ఫసలీ చట్టం, నగరానికి 1348 ఫసలీ చట్టం వేర్వేరుగా వచ్చాయి. ఫసలీ అంటే నిజాం కాలపు సంవత్సరాల లెక్క; 1348 ఫసలీ అంటే దాదాపు 1939. కొత్వాల్ పోయి కమిషనర్ వచ్చాడు, రాజ్యం పోయి రాష్ట్రం వచ్చింది, ఆ రాష్ట్రమూ రెండుసార్లు మారింది. హైదరాబాద్ కమిషనర్ మాత్రం ఊరేగింపులు, సభల మీద ఆంక్షలు పెట్టాల్సి వస్తే ఇప్పటికీ ఆ ఫసలీ చట్టాన్నే ఉటంకిస్తాడు. పోలీసును ఎన్ని గంటలు పని చేయించాలన్న ఆలోచన ఆ కాలపు పాలకులకు రాలేదంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. కొత్వాలీ సిపాయి సర్కారు మనిషి. సర్కారు పిలిచినప్పుడల్లా రావాల్సినవాడు.

స్వాతంత్ర్యం వచ్చాక మిగతా శ్రమజీవులకు లెక్కలు మారాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసింది. దాటితే రెట్టింపు జీతం అంది. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవర్లకు, కండక్టర్లకు రోజుకు 8 గంటలు అని రాసింది. ఇమ్లీబన్ బస్టాండు గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. లోపలినుంచి బస్సు తీసే డ్రైవర్ గంటలకు చట్టంలో హద్దుంది. ఆ బస్సుకు దారి చేయడానికి గేటు బయట ఎండలో నిలబడ్డ కానిస్టేబుల్‌కు లేదు.

అడగడానికి దారి కూడా మూసేశారు. సాయుధ, పోలీసు బలగాల ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించవచ్చని రాజ్యాంగం 33వ అధికరణం చెబుతుంది. ఆ ఆధారంతోనే 1966లో పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం తెచ్చారు. అనుమతి లేకుండా యూనియన్‌లో చేరినా, పత్రికలతో మాట్లాడినా రెండేళ్ల దాకా జైలు. గొంతు నొక్కితే కోపం పోదు కదా. 1973 మేలో ఉత్తరప్రదేశ్‌లో సాయుధ పోలీసులే తిరగబడితే సైన్యాన్ని దింపారు, ముఖ్యమంత్రి కమలాపతి త్రిపాఠి రాజీనామా చేయాల్సి వచ్చింది. 1979లో పంజాబ్‌లో మొదలైన పోలీసుల ఆందోళన మరికొన్ని రాష్ట్రాలకూ పాకింది.

ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ తన మొదటి నివేదిక ఇచ్చింది కూడా 1979లోనే, ఫిబ్రవరిలో. కానిస్టేబుళ్లు రోజుకు 10 నుంచి 16 గంటలు, వారంలో ఏడు రోజులూ పని చేస్తున్నారన్న లెక్క అందులోకెక్కింది. కానిస్టేబుల్‌ను నైపుణ్యం లేని కూలీతో సమానంగా చూసి జీతం కట్టడం తప్పని కూడా కమిషన్ చెప్పింది. ఆ తర్వాత మరో ఏడు నివేదికలు వచ్చాయి. గంటల మాట ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది.

మళ్లీ ఆ మాట ఎత్తినవాళ్లు హైదరాబాద్ వాళ్లే. రాజ్‌భవన్ రోడ్డులో, ఒకప్పుడు బేరార్ యువరాజు నివాసమైన బెల్లా విస్టా భవనంలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. అందరూ ఆస్కీ అంటారు. స్టేషన్లలో 8 గంటల షిఫ్టులు పెట్టాలంటే ఎంతమంది కావాలో తేల్చమని కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ ఆ పని ఆస్కీకి అప్పగించింది. 2014లో నివేదిక వచ్చింది. దేశమంతటా 12,000 మందికి పైగా స్టేషన్ సిబ్బందిని అడిగారు. దాదాపు 90 శాతం మంది రోజుకు 8 గంటలకు మించి పని చేస్తున్నామన్నారు. 73.6 శాతం మందికి నెలకు ఒక్క వారపు సెలవు కూడా దొరకడం లేదు. నన్ను కదిలించింది ఇంకొకటి. ఇది కింది సిబ్బంది గోడు మాత్రమే కాదు. తమ సిబ్బంది 11 గంటలు, అంతకు మించి పని చేస్తున్నారని 68 శాతానికి పైగా స్టేషన్ ఇన్‌చార్జులే ఒప్పుకున్నారు. అంటే పై అధికారికి తెలియక జరుగుతున్నది కాదు. షిఫ్టులు నడవాలంటే ఉన్న బలగం సగటున 1.68 రెట్లు కావాలని కూడా ఆ నివేదిక లెక్క తేల్చింది. పోలీసు అధికారులకు శిక్షణనిచ్చే జాతీయ అకాడమీ ఉన్నదీ ఈ ఊళ్లోనే, శివరాంపల్లిలో. సమస్యను కొలిచిన చోటూ, దాన్ని సరిదిద్దాల్సిన అధికారులు తయారయ్యే చోటూ ఒకే నగరంలో ఉన్నాయి.

నిబంధన ఎలా రాయాలో తెలియక ఆగిందని కూడా అనలేం. 2006లో ప్రకాశ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసు సంస్కరణలకు ఆదేశాలిచ్చిన మరుసటి నెలలోనే, సోలీ సొరాబ్జీ కమిటీ నమూనా పోలీసు చట్టం ముసాయిదా ఇచ్చింది. సగటున రోజుకు 8 గంటలు మించకూడదని, తప్పనిసరి పరిస్థితుల్లో మించితే తగిన పరిహారం ఇవ్వాలని అందులో ఉంది. వారానికి ఒక రోజు సెలవు కూడా ఉంది. ఆ వాక్యాలు ముసాయిదాలోనే ఉన్నాయి, ఇక్కడ చట్టంలోకి రాలేదు.

మరి క్రమశిక్షణ చర్యల సంగతి? దానికి మాత్రం పద్ధతి పక్కాగా ఉంది. ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణకు రాసిన 1991 సీసీఏ రూల్స్ ప్రకారం మందలింపు నుంచి ఉద్యోగం ఊడటం దాకా వరసగా మెట్లున్నాయి. స్టేషన్లలో వాటిని పొట్టి పేర్లతోనే పిలుస్తారు. మెమో, ఛార్జ్ మెమో, ఓఈ, పీపీఐ. ఓఈ అంటే ఓరల్ ఎంక్వైరీ. పీపీఐ అంటే ఇంక్రిమెంటు వాయిదా. ఒక్క ఏడాది ఇంక్రిమెంటు పోతే ఆ నష్టం నెలనెలా జీతంలో కనిపిస్తుంది, ప్రమోషన్ లిస్టులో కూడా అడ్డం పడుతుంది. ఈ చర్యలన్నిటికీ సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? స్టేషన్ జనరల్ డైరీలో.

జీడీ గురించి కాస్త చెప్పాలి. స్టేషన్లో ఎవరు ఎన్ని గంటలకు డ్యూటీకి బయల్దేరారో, ఎప్పుడు తిరిగొచ్చారో అందులో ఎక్కుతుంది. రోల్‌కాల్‌కు రానివాడి పేరు పక్కన ఆబ్సెంట్ అని పడితే అదే రేపటి ఛార్జ్ మెమోకు ఆధారం. మరి అదే డైరీలో బయల్దేరిన గంటకూ తిరిగొచ్చిన గంటకూ మధ్య కూడిక వేస్తే ఆ మనిషి ఎంతసేపు పని చేశాడో తెలుస్తుంది కదా? తెలుస్తుంది. ఆ కూడిక వేయమని అడిగే నిబంధన లేదు గనుక ఎవరూ వేయరు. పని గంటలకు రుజువు లేదనే మాట నేను ఒప్పుకోను. రుజువు ప్రతి స్టేషన్లో, ప్రతి రోజూ, సర్కారు సిరాతోనే రాసి ఉంటోంది.

గైర్హాజరును ఎలా చూడాలో 2012లో సుప్రీంకోర్టు ఒక ఇంటెలిజెన్స్ బ్యూరో ఉద్యోగి కేసులో చెప్పింది. రాకపోవడం ఒక్కటే దుష్ప్రవర్తన కాదు, కావాలనే రాలేదని తేలాలి అంది. వరస డ్యూటీల తర్వాత నిద్ర ముంచుకొచ్చి రోల్‌కాల్ తప్పినవాడికి ఈ మాట కొండంత అండ. కానీ అక్కడిదాకా వెళ్లాలంటే వకీలు ఫీజు కావాలి, సెలవు కావాలి, పై వాళ్ల కంట్లో పడే ధైర్యం కావాలి.

నేను ఇన్‌స్పెక్టర్లను తప్పు పట్టడం లేదు. బందోబస్తుకు 40 మందిని పంపమని వైర్‌లెస్ సెట్‌లో ఆర్డర్ వస్తే, ఉన్న 50 మందిలోంచి 40 మందిని తీసి పంపాల్సింది ఆయనే. ఆయన కూడా ఆ రాత్రి ఇంటికి వెళ్లడు. గోల్కొండ, లష్కర్, లాల్‌దర్వాజా బోనాలు, మొహర్రంలో బీబీ కా ఆలం, మిలాద్ ఊరేగింపు, శ్రీరామనవమి శోభాయాత్ర, ఉప్పల్‌లో క్రికెట్, అసెంబ్లీ సమావేశాలు: ఈ నగరం క్యాలెండర్ నిండా బందోబస్తులే. పాయింట్ల దగ్గర మరుగుదొడ్డి లేక పొద్దుటినుంచీ నీళ్లు తాగకుండా నిలబడే మహిళా కానిస్టేబుళ్ల కష్టం ఇంకా వేరు.

చేస్తే కాదని కాదు. 2016లో ముంబయిలోని దేవనార్ స్టేషన్లో మూడు షిఫ్టుల పద్ధతి మొదలుపెట్టారు, తర్వాత నగరమంతా తెచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్ వారపు సెలవు ప్రకటించింది. తెలంగాణ వచ్చాక ట్రాఫిక్ పోలీసులకు మూల వేతనం మీద 30 శాతం అదనంగా ఇచ్చారు. మంచిదే. కానీ అది పొగకూ దుమ్ముకూ ఇచ్చింది, గంటలకు కాదు.

2024 అక్టోబరులో ఈ మొత్తం వ్యవహారం రోడ్డు మీదికొచ్చింది. సెలవుల పద్ధతి మార్చిన ఉత్తర్వుతో తెలంగాణ స్పెషల్ పోలీస్ (టీజీఎస్పీ) బెటాలియన్లలో అలజడి రేగింది. మొగుళ్లు మాట్లాడితే ఉద్యోగం పోతుంది గనుక భార్యలు పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు. రాష్ట్రమంతా ఒకే పోలీసు వ్యవస్థ ఉండాలన్నారు. ఆ తర్వాత కానిస్టేబుళ్లు కూడా గొంతు కలిపారు. 39 మందిని సస్పెండ్ చేశారు. మరుసటి రోజు 10 మందిని విచారణ లేకుండానే డిస్మిస్ చేశారు. విచారణ సాధ్యం కాదనిపిస్తే అలా తీసేసే వీలు రాజ్యాంగం 311వ అధికరణంలోని ఒక ఉపవాక్యం ఇస్తుంది. క్రమశిక్షణ లేని బలగం ప్రజలకు ప్రమాదమే, కాదనను. కానీ వాళ్లు అడిగింది ఇంటికెళ్లే రోజు గురించి.

మా పిన్ని దగ్గర ఇంకో లెక్క ఉండేది. వంటింట్లో గోడ క్యాలెండర్ మీద పాలు పోయని రోజుకు ఇంటూ కొట్టేది. బాబాయి రాత్రి ఇంటికి రాని రోజుకు సున్నా చుట్టేది. నెలాఖరున పాలవాడు గుమ్మంలో నిలబడితే ఇంటూలు లెక్కబెట్టి డబ్బు కోసేది. సున్నాలు ఒక్కోసారి 14, ఒక్కోసారి 17 ఉండేవి. వాటిని కూడా వేలు పెట్టి లెక్కబెట్టేది. ఎందుకని ఒకసారి అడిగాను. “ఏమో బిడ్డా, ఎవరన్న అడిగితే చెప్పొచ్చని” అంది. డిసెంబరు అయిపోయాక ఆ క్యాలెండర్లను పారేయలేదు. చుట్టచుట్టి, రబ్బరు బ్యాండు వేసి, మెమో ఉన్న పెట్టెలోనే పెట్టింది.