ఆ ప్లే ఎందుకు కాల్ చేశాడు? అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌పై కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆటల వీడియోలు కత్తిరించి, ఏ డౌన్‌లో (పది యార్డులు ముందుకెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒక్కోటి ఒక డౌన్) ఎదుటి జట్టు ఏం చేస్తోందో లెక్కలు తీసి కోచ్‌లకు ఇవ్వడం నా పని. ఇక్కడ అమెరికా యూనివర్సిటీల్లో చదివే మనవాళ్లు శనివారం ఆట అయ్యాక నన్ను పట్టుకుని అడిగేది ఒకటే: "అన్నా, ఆ చెత్త ప్లే ఎందుకు కాల్ చేశాడు?" ప్లే అంటే ఒక్కో డౌన్‌లో ఆడే ఎత్తు. అడగడంలో తప్పులేదు, కాకపోతే చాలాసార్లు తిట్టాల్సిన ప్లేని వదిలేసి ఇంకోదాన్ని తిడుతుంటారు.

అపోహ: మనం చూసిన ప్లేనే కోచ్ చెప్పిన ప్లే.

వాస్తవం: చాలాసార్లు కాదు. ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్) అనే ప్లేలో రన్ (బంతి పట్టుకుని పరిగెత్తడం), పాస్ (విసరడం) రెండూ కలిసే ఉంటాయి. బంతి చేతికొచ్చాక క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపేవాడు) ఒక డిఫెండర్‌ని చూస్తాడు. వాడు ముందుకొస్తే పాస్, వెనక్కి తగ్గితే రన్. పాస్ వేసేలోపు లైన్‌మెన్ (ముందు వరుసలో అడ్డుగా నిలిచేవాళ్లు) 3 యార్డులు ముందుకెళ్లినా కాలేజీలో ఫౌల్ కాదు, ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్)లో అయితే ఒక యార్డే, అందుకే ఇక్కడ ఈ ప్లేలు ఇంత ఎక్కువ. "రెండు యార్డులే కావాలి కదా, పాస్ ఎందుకు?" అంటే, ఆ పాస్ వేయించింది ఎదుటి లైన్‌బ్యాకరే (లైన్ వెనక నిలబడే డిఫెండర్) కావచ్చు. 2024 నుంచి పెద్ద డివిజన్‌లో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోనే కోచ్ మాట వినిపిస్తోంది గానీ, ప్లే క్లాక్‌లో (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు) 15 సెకన్లు మిగిలేసరికి అదీ ఆగిపోతుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ల కుర్రాడు, వాడి టెన్షన్. పైగా చాలా జట్లలో ప్లేలు కాల్ చేసేది హెడ్ కోచ్ కాదు, అఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడి చూసుకునే కోచ్). తిట్లు మాత్రం హెడ్ కోచ్‌కే.

అపోహ: ఫెయిలైందంటే అది తప్పు కాల్.

వాస్తవం: 2023 అక్టోబర్ 14, సియాటిల్. వాషింగ్టన్ మీద ఒరెగాన్ 33-29తో ముందుంది, 2 నిమిషాల 11 సెకన్లు మిగిలాయి, ఫోర్త్ డౌన్ (ఆఖరి ప్రయత్నం), 3 యార్డులు కావాలి. ఒరెగాన్ కోచ్ డాన్ లానింగ్ పంట్ చేయలేదు (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకు ఇచ్చేయలేదు). పాస్ ఫెయిలైంది, వాషింగ్టన్ రెండే ప్లేల్లో టచ్‌డౌన్ (బంతిని గోల్ లైన్ దాటించడం) కొట్టి 36-33తో గెలిచింది. అందరూ ఆ ఫోర్త్ డౌన్ మీదే పడ్డారు. నాకైతే ఆ కాల్ సరైనదే. ఫస్ట్ డౌన్ (మళ్లీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు) వస్తే ఆట దాదాపు ముగిసేది, పంట్ చేసినా వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్ చేతికి రెండు నిమిషాలు ఇచ్చినట్టే. నేను తప్పుపట్టేది అదే ఆటలో తొలి సగం చివరి ప్లేని. గోల్ లైన్‌కి 3 యార్డుల దూరంలో ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని తెచ్చుకునే 3 పాయింట్లు) వదిలేసి టచ్‌డౌన్‌కి వెళ్లారు, రాలేదు. మామూలుగా అక్కడ ఫెయిలైనా ఎదుటి జట్టు తన గోల్ లైన్ దగ్గర ఇరుక్కుంటుంది కాబట్టి కొంత లాభం ఉంటుంది. హాఫ్ అయిపోయాక ఆ లాభం ఎక్కడిది? చివరికి ఓడింది సరిగ్గా 3 పాయింట్లతో.

అపోహ: ముందు రన్ బాగా ఆడితేనే ప్లే-యాక్షన్ (రన్ అన్నట్టు నటించి పాస్ వేయడం) పనిచేస్తుంది.

వాస్తవం: ఎన్ఎఫ్ఎల్ డేటా తవ్వినవాళ్లకు ఈ లింకు దొరకలేదు. లైన్‌బ్యాకర్ మీ పాత రన్‌లు లెక్కపెట్టుకుంటూ కూర్చోడు, ఆ క్షణంలో లైన్‌మెన్ కదలిక చూసి కదులుతాడు.

అపోహ: ప్లేబుక్‌లో వందల ప్లేలుంటే ఎప్పుడూ అవే ఎందుకు?

వాస్తవం: సీజన్‌లో ఆటగాళ్లకు ప్రాక్టీస్, మీటింగులు, వెయిట్స్ అన్నీ కలిపి వారానికి 20 గంటలే అని ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంస్థ) రూలు. పిల్లలకు పరీక్షలూ ఉంటాయి. బాగా రిహార్సల్ కాని కొత్త ప్లే టీచర్ చూడని హోంవర్క్ లాంటిది, దాన్ని ఆటలో బయటికి తీయాలంటే భయమే.

అపోహ: కోచ్‌కి తెలియదా, బయట కూర్చున్న మనకేం తెలుసు?

వాస్తవం: ఇది అన్నిటికంటే పెద్ద అపోహ. 2023 అక్టోబర్ 7, మయామి 20-17తో ముందుంది, జార్జియా టెక్ దగ్గర గడియారం ఆపడానికి టైమౌట్‌లు లేవు. బంతి పట్టుకుని మోకాలు నేలకు ఆనించి గడియారం కరగనిస్తే ఆట ముగిసేది. రన్ ఆడారు, ఫంబుల్ (చేతిలోంచి బంతి జారడం), 26 సెకన్లు మిగిలుండగా బంతి పోయింది. జార్జియా టెక్ ఆ కాస్త టైమ్‌లోనే 74 యార్డులు వచ్చి 23-20తో గెలిచింది. మయామి కోచ్ మారియో క్రిస్టోబాల్. 2018లో ఈయన ఒరెగాన్‌లో ఉండగా స్టాన్‌ఫోర్డ్ మీద కూడా ఇలాగే ముందుండి, చివర్లో రన్ ఆడి ఫంబుల్‌తో బంతి పోగొట్టుకుని ఓవర్‌టైమ్‌లో ఓడారు. ఇక్కడ రహస్య సమాచారం ఏమీ లేదు. గడియారం, టైమౌట్‌లు, డౌన్ అన్నీ టీవీలో కింద కనిపిస్తూనే ఉన్నాయి, 40 సెకన్ల ప్లే క్లాక్‌తో లెక్క వేసుకుంటే సోఫాలో కూర్చున్నవాళ్లకైనా తేలిపోతుంది.