గువ్వలచెరువు గట్టు మీద అలలు

పిల్లలూ,

మొన్న సంక్రాంతి సెలవుల్లో కడప జిల్లాలోని మన గువ్వలచెరువు ఊరి పైన కొండ గట్టెక్కినప్పుడు మన చిన్నది ఒక బండ మీద కూర్చుని, "తాతా, దీని మీద ఈ అలలు ఎవరు గీసినారు?" అని అడిగింది. ఆయాసంలో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

నీళ్లు గీసినాయమ్మా. ఆ బండ ఒకప్పుడు ఇసుక. మన పాలకొండల చోట అప్పుడు లోతు లేని సముద్రం ఉండేది.

దిగేటప్పుడు పాలకోవా కొన్నాం కదా. అది కాచేటప్పుడు ఎప్పుడైనా పక్కన నిలబడి చూడండి. మొదట్లో గరిటె తిప్పితే పాలలో గీత నిలవదు. చిక్కబడేకొద్దీ గరిటె పోయిన దారి కాసేపు కనిపిస్తుంది. దించి ఆరబెడితే ఆ గీత అలాగే గట్టిపడుతుంది. ఇసుకా అంతే. నీళ్లు అటూ ఇటూ ఊగి గీతలు పెట్టినాయి. వాటి మీద ఇంకో పొర ఇసుక మెత్తగా కప్పుకుంది, దాని మీద మరొకటి. కోవా పలుకులను పాకం పట్టినట్టు, నీళ్లలో కరిగి వచ్చిన సిలికా అనే ఖనిజం ఇసుక రేణువుల సందుల్లో చేరి వాటిని అతికించింది. కోవాకు సన్నని సెగ కావాలి, బండకు పై పొరల బరువు కావాలి. కోవా ఒక పూటలో అవుతుంది. ఈ బండ వయసు దాదాపు 190-200 కోట్ల ఏళ్లు.

అప్పటికి చేప లేదు, గడ్డిపరక లేదు. ఆ అలల చప్పుడు వినడానికి చెవులున్న ప్రాణి ఒక్కటీ లేదు. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ రాతిపొరకు మన ఊరి పేరే పెట్టినాడు. ఇంగ్లీషులో అది 'గుల్చేరు' అయింది.

మీ వయసులో నాకు ఇవేవీ తెలియవు. ఎండాకాలం మా జేజి వెంట కలివి కాయలకు పోయేవాణ్ణి. చెప్పుల్లేవు. బండలు కాలుతుంటే ఈ గీతల మీద అరికాలు కాస్త తక్కువ చురుక్కుమనేది. సీతమ్మ చీర ఆరేసిన చోటు, అందుకే మడతలు పడినాయి అనేది జేజి. ఆమె ఒక చెట్టు కాయలు కోస్తే పక్క చెట్టు పిట్టలకు వదిలేది.

ఇప్పుడు అందరూ కోవా కొనుక్కుని బస్సెక్కుతారు. పైకి మేకల దారే తప్ప బాట లేదు. అది ఎర్రచందనం పెరిగే అడవి, కాబట్టి ఫారెస్టు వాళ్లనడగకుండా, పెద్దవాళ్లు లేకుండా పోవద్దు. బండల మీద పేర్లు రాసేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. అన్ని కోట్ల ఏళ్లు నిలిచిన గీత మీద మన గీత పెట్టకూడదు నాయనా.

శ్రావణంలో గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోతారు కదా. ఇవే కొండల మధ్య నుంచి పాపాఘ్ని ఏరు వచ్చే చోటు అది. ఏటి ఒడ్డున నీళ్లు ఊగి తగ్గిన చోట తడి ఇసుక మీద వంగి చూడండి. గట్టు మీద బండకు గీతకూ గీతకూ మధ్య చిన్నదాని వేళ్లు మూడు పట్టినాయి. అక్కడ ఎన్ని పట్టినాయో నాకు రాయండి.

మీ తాత